తీసేసిన చూపులు

ఒంటిమీదున్న బట్టకు సూది పెట్టకూడదంటారు. పెట్టక తప్పకపోతే, కుట్టించుకునే మనిషి నోట్లో ఒక దారం ముక్క పట్టుకోవాలి. మద్రాసులో నాకు పని నేర్పిన కన్నప్ప మాస్టరు చెప్పిన మాట ఇది. ఆ తర్వాత కోడంబాకంలోనూ, హైదరాబాదు కృష్ణానగర్ వచ్చాకానూ షూటింగుల మధ్యలో ఎంతమంది ఆడపిల్లలకు బట్టలు బిగించి కుట్టానో, అందరి నోళ్ళలోనూ దారం పెట్టాను. చాలామంది నవ్వేవాళ్ళు. సువార్త నవ్వలేదు. ఆ పిల్ల పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. పెట్టిన దారం మూడుసార్లు నీళ్ళలో పడింది.

జనవరి నెల. ఈత కొలనులో నడుంలోతు నీళ్ళు. పొద్దున ఆరింటికి దింపారు పిల్లను. నేను గట్టుమీద మోకాళ్ళ మీద కూర్చుని, ముందుకు వంగి, ఊడిన హుక్కు కుడుతున్నాను.

"మామ్మగారూ, నా పాటలో నీళ్ళెక్కడున్నాయండీ?" అంది సువార్త.

"ఐసు ఉంది కదే."

"ఐసుంటే ఈత కొలనేంటండీ?"

"కరిగాక తీస్తున్నారనుకో."

నవ్వించాలని అన్నాను. నవ్వింది పాపం. దారం నాలుగోసారి పడింది.

సువార్త మా ఇంటి మేడమీద గదిలో అద్దెకుండేది. భీమవరం దగ్గర పల్లె. వాళ్ళమ్మ కరుణమ్మ రొయ్యల షెడ్డులో పని చేస్తుంది. రొయ్య తల తీసి, పొట్టు ఒలిచి, ఐసులో వెయ్యడం పని. పొద్దుటినుంచి సాయంత్రం దాకా చేతులు ఐసులోనే. పిల్ల చర్చిలో పాడి పాడి గొంతు తెచ్చుకుంది. తల్లి చేతుల మీద తనే ఒక పాట కట్టింది.

*ఐసులోన నానిన చెయ్యి అన్నం ముద్ద పెడితే
ఎట్టాగమ్మా, ఎట్టాగమ్మా, ఇంత వెచ్చగుంటాది?*

మొదటిసారి అది పాడినప్పుడు నేను వంటింటి గుమ్మంలో నిలబడి విన్నాను. పొయ్యిమీద పప్పు మాడిపోయింది. నా జీవితంలో నేను పప్పు మాడ్చింది మూడుసార్లు. ఒకటి నా పెళ్ళైన కొత్తలో, రెండోది మా ఆయన పోయిన రోజు, మూడోది ఇది.

ఆ పాటను తుమ్మెద మ్యూజిక్ అనే కంపెనీ తీసుకుంది. దాని యజమాని ప్రభంజన్ గారు. పాట విని ఆయన కళ్ళు తుడుచుకున్నాడట. అబద్ధం కాదు, మంచివాడే. కానీ తర్వాత ఆయన మనుషులు ఒక గదిలో కూర్చున్నారు. రొయ్యలంటే నీళ్ళు, నీళ్ళంటే కొలను, కొలనంటే తడిసిన పిల్ల అని తేల్చారు. నా చేతికి వలలాంటి గుడ్డ ఇచ్చి అద్దాల రవిక కుట్టమన్నారు. లోపల ఒంటిరంగు గుడ్డ రెండు పొరలు వేశాను. ఒక పొర తీసెయ్యమన్నారు. నాకు చెవులు సరిగా వినపడవని చెప్పాను.

కొలను చుట్టూ తొమ్మిది కెమెరాలున్నాయి. వాటి వెనక కంప్యూటరు ముందు కూర్చున్నది నా మనవరాలు సుధేష్ణ. నా కూతురి కూతురు. నా కుట్టుమిషను కింద గుడ్డముక్కల్లో దొర్లి పెరిగింది. ఇంజనీరింగు చదివి ఒక యంత్రం తయారుచేసింది. దానికి ఇంగ్లీషులో పెద్ద పేరుంది, నేను చూపులపెట్టె అంటాను. నిజానికి పెట్టె కూడా కాదు, ఫోనులోనే ఉంటుంది.

మొట్టమొదట నాకే చూపించింది. కుక్కపిల్లా కోడిపుంజూ ఉన్న వీడియో పెట్టి, "అమ్మమ్మా, నీకేది కావాలో దాన్ని చూడు. అంతే. వేలు పెట్టకు" అంది. కుక్కపిల్లను చూశాను. బొమ్మ కుక్కపిల్ల దగ్గరికి వెళ్ళింది. దాని మెడపట్టీ మరీ బిగుతుగా కట్టారేమోనని చూశాను. బొమ్మ మెడపట్టీ దగ్గరికి వెళ్ళింది. ఫోనులో ఉన్న చిన్న కెమెరా నా కంటిపాపను కనిపెట్టి చూస్తోందట. తొమ్మిది వైపులనుంచి తీసిన దాంట్లోంచి, నా కన్ను అడిగినదాన్ని ఏరి పెడుతోందట.

"ఇది దిష్టి యంత్రంలా ఉందే," అన్నాను.

"దిష్టి కాదు అమ్మమ్మా. ఎవరికి నచ్చింది వాళ్ళు చూస్తారు. ముందు కొంతమందికి చూపించి, వాళ్ళ చూపులన్నీ కలిపితే ఎక్కువమందికి ఏం కావాలో తెలుస్తుంది. దాన్నిబట్టి అసలు వీడియో దానంతటదే కట్టేసుకుంటుంది."

సుధేష్ణ మొహం ఎలా వెలిగిపోయిందంటే, నేను ఇంకేం అనలేకపోయాను.

దాంతో చేసిన మొదటి మూడు పాటల్లో వైదేహి అనే పిల్ల ఆడింది. మూడూ ఊరూరా మోగాయి. ఒకసారి ఆ పిల్ల నా దగ్గర కొలతలు ఇవ్వడానికి స్టూడియోకు వస్తే గేటు దగ్గర కొత్త కాపలావాడు ఆపాడు. "ఆ పోస్టరులో ఉన్నది నేనే" అందట. అతను వెనక్కి తిరిగి పోస్టరు చూశాడు, మళ్ళీ ఈ పిల్లను చూశాడు. పోస్టరు మెడ దగ్గర మొదలై మోకాళ్ళ దగ్గర అయిపోయింది. "ఎట్ల గుర్తుపట్టాలమ్మా?" అన్నాడట. అతని తప్పేముంది? వైదేహి ఆ కథ చెప్పి పగలబడి నవ్వింది. నాలుగో పాటకు రాలేదు. ఇప్పుడు ఒక కళ్ళజోళ్ళ దుకాణంలో చేస్తోంది. అందుకే సువార్త వంతు వచ్చింది.

షూటింగైన వారానికి పరీక్ష పెట్టారు. నలభైమందిని పిలిచి ఒక్కొక్కరినీ ఒక్కో చిన్న గదిలో కూర్చోబెట్టారు. ఒకామె రాలేదని ఆ గదిలో నన్ను కూర్చోబెట్టింది సుధేష్ణ.

నేను మొదట మొహం చూశాను. పెదవులు నీలంగా ఉన్నాయి. హుక్కు నిలిచిందా లేదా అని చూశాను. భుజం మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. గట్టుమీద తువ్వాలు ఎక్కడుందా అని వెతికాను. అడుగున పాదాలు జారుతున్నాయేమోనని చూశాను. మళ్ళీ మొహం. బొమ్మ నా వెంట పరుగెత్తలేక ఆయాసపడుతూ వచ్చింది. పాటయ్యేసరికి తెరమీద ఒక ఎర్రగీత పడింది.

"అదేమిటే?"

"నీ చూపు చెల్లలేదు అమ్మమ్మా. యంత్రం తీసేసింది."

"నా కళ్ళకేమొచ్చింది? మొన్ననేగా నువ్వే దగ్గరుండి శుక్లాలు తీయించావు."

"కళ్ళు బాగానే ఉన్నాయిలే," అని పక్కగదిలోకి వెళ్ళిపోయింది. పనిలో ఉంది.

సాయంత్రానికి వీడియో తయారైంది. నాలుగు నిమిషాల పాట. నడుము, తడిసిన వీపు, నీటిచుక్కలు, మళ్ళీ నడుము. మొహం మొత్తమ్మీద పదకొండు సెకన్లు ఉందని సుధేష్ణే లెక్క చెప్పింది. సువార్త చివరిదాకా చూసింది. పిల్లకు అప్పటికే జ్వరం మొదలైంది.

"బాగుందండీ," అంది. "మా అమ్మ గుర్తుపడతాదంటారా?" అని అడిగింది.

సుధేష్ణ తెర ఆపేసింది.

సోమవారం కంపెనీ ఒప్పందం మీద సంతకం. పెడితే పాట ఈ బొమ్మతో ఊరూరా వెళుతుంది. పెట్టకపోతే పాట ఆ పిల్ల గొంతులోనే ఉండిపోతుంది. అంతకుముందు రెండేళ్ళు కంపెనీల చుట్టూ తిరిగితే విన్న నాథుడు లేడు. గుర్తుపట్టలేని కూతుర్ని తల్లికి పంపడమా, అసలేమీ పంపకపోవడమా. ఆ పిల్ల ముందున్నది అదీ.

ఆదివారం మధ్యాహ్నం మిరియాల చారు కాచి సువార్తకు పోసి కిందికి వచ్చాను. సుధేష్ణ ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని, అన్నం కంచం పక్కన పెట్టుకుని కూర్చుంది. కంచం ఎండిపోతోంది.

"నాలాంటివాళ్ళవి ఎంతమందివి తీసేసిందే అది?" అన్నాను.

"పంతొమ్మిది."

"వాళ్ళెవరు?"

"ఎవరైతే ఏంటి అమ్మమ్మా."

"చూడవే. నా పక్కన కొట్టేసినవాళ్ళు ఎవరో నాకు తెలియాలిగా."

విసుక్కుంటూనే చూసింది. చూస్తూ చూస్తూ విసుగు మానేసింది. పంతొమ్మిదిలో పదహారుమంది ఆడవాళ్ళు. పరీక్షకు వచ్చిన ఆడవాళ్ళే మొత్తం పద్ధెనిమిది మంది.

"మిగతా ముగ్గురు మగాళ్ళూ ఏం చేస్తారు?"

"ఒకాయన డప్పు వాయిస్తాడు. ఒకాయన అంబులెన్సు డ్రైవరు. ఇంకొకాయన..." ఫారం చదివింది. "ఏం లేదు. ఇద్దరు ఆడపిల్లల తండ్రి."

"మంచి గుంపులోనే పడ్డాను. ఎందుకు తీసేసింది మమ్మల్ని?"

"మీ చూపు నిలవలేదు. ఒకచోట నిలిచిన చూపే నిజమైన చూపు, అటూ ఇటూ తిరిగేది పరధ్యానం. దానికి నేను అలాగే నేర్పాను."

"అలాగని నీకెవరు చెప్పారే?"

సుధేష్ణ తలెత్తి నావైపు చూసింది.

"నువ్వే," అంది.

నాకు ఒక్కసారిగా ఆ రోజు కళ్ళముందుకు వచ్చింది. నా జ్ఞాపకాలకు తుప్పు పట్టదు, అదొక శాపం. ఏడేళ్ళది అప్పుడు. పసుపు గౌను, ముందు పన్ను లేదు. సూదిలో దారం ఎక్కిస్తానని కూర్చుని కిటికీలో పిట్టను చూస్తూ వేలు పొడుచుకుంది. నేను దాని నెత్తిమీద ఒక్కటి మొట్టి, "చూపు ఒకచోట నిలపవే. తిరిగే కన్ను కన్నే కాదు" అన్నాను. అన్నది నేనే. ఏడుపు మింగి దారం ఎక్కించింది. నా ఎదుట ఎక్కించిన ఆ మొదటి సూదిని ఇరవై ఏళ్ళు మనసులో దాచుకుని, పెద్దయ్యాక తీసుకెళ్ళి యంత్రానికి గుచ్చింది.

పీట లాక్కుని కూర్చున్నాను.

"అది సూదికి చెప్పానే తల్లీ. మనిషికి కాదు."

"తేడా ఏంటి?"

"నేను కొలతలు తియ్యడం ఎన్నిసార్లు చూశావు? ఒకచోట చూస్తానా? ఎడమ భుజం దిగి ఉందా, ఊపిరి బిగబట్టి నిలబడిందా, మెడదగ్గర దెబ్బ దాస్తోందా, ఇంకా ఎవరికీ చెప్పని మూడో నెలా... ఇవన్నీ తిరిగితేనే కదే కనపడేది. ఒకచోట నిలిపి చూస్తే గుడ్డ కనపడుతుంది. తిరిగి చూస్తే మనిషి కనపడుతుంది."

"ప్రభంజన్ గారికి కావలసింది గుడ్డే అమ్మమ్మా."

"నీక్కావలసిందో?"

సుధేష్ణ ల్యాప్‌టాప్ పక్కకు నెట్టింది. ఫోను తీసి తనకెదురుగా ఆనించి, సువార్త పాట పెట్టుకుంది. తను కట్టిన యంత్రానికి ఎప్పుడూ తన కళ్ళు చూపించలేదట. నాలుగు నిమిషాలు చూసింది. నేను దాని మొహమే చూస్తున్నాను. కనుగుడ్లు కుదురుగా లేవు, పెదవికీ భుజానికీ నీళ్ళకీ గట్టుకీ తిరుగుతూనే ఉన్నాయి. పాటయ్యింది.

ఎర్రగీత పడింది.

"నన్ను కూడా తీసేసింది," అంది. నవ్వబోయి ఏడ్చింది. కంచం పక్కకు జరిపి తల ఆనించింది. "మూడు పాటలు అమ్మమ్మా. వైదేహి మూడు పాటలు చేసింది."

వీపు నిమిరాను. వైదేహి విషయంలో ఓదార్పు మాట నా దగ్గర లేదు, ఇప్పటికీ లేదు. కాసేపటికి, "తీసేసినవి పారేశావా, దాచావా?" అని అడిగాను. మా పనిలో కత్తిరించిన ముక్క ఏదీ పారెయ్యం.

"ఉన్నాయి."

"అయితే అతుకు."

చీకటిపడకముందే అతికింది. నిలిచిన చూపుకు ఎంత విలువో తిరిగిన చూపుకూ అంతే విలువ ఇవ్వమని చెప్పింది యంత్రానికి. అది కొత్త వీడియో కట్టింది. సువార్తను కిందికి పిలిచాం. దుప్పటి కప్పుకుని వచ్చి కూర్చుంది.

అదే కొలను, అదే రవిక. కానీ పాట మొదట్లోనే నీలం పెదవులు కనిపించాయి. నడుము రాలేదని కాదు, వచ్చింది, మనిషికి నడుముండదా. నడుము తర్వాత వేళ్ళు వచ్చాయి. నానిపోయి ముడతలు పడ్డ వేళ్ళు. సరిగ్గా 'ఐసులోన నానిన చెయ్యి' అన్నచోట. వాటిని ఎవరూ తియ్యమనలేదు, ఏడో కెమెరాలో ఒక మూల పడ్డాయంతే. పదిహేడుమంది ఆ మూల చూశారు. చివర్లో, ఆపమన్న తర్వాత కూడా తిరుగుతూ ఉన్న కెమెరాలో సువార్త గట్టెక్కుతుంటే ఎవరో తువ్వాలు అందిస్తున్నారు. ఆ చెయ్యి నాది. గాజులు చూసి గుర్తుపట్టాను.

సువార్త దుప్పట్లోంచి తన చెయ్యి తీసి చూసుకుంది.

"అచ్చం మా అమ్మ చెయ్యిలా ఉందండీ," అంది.

సోమవారం ప్రభంజన్ గారి గదికి ముగ్గురం వెళ్ళాం. నన్నెవరూ పిలవలేదు, కొలతల టేపు మెళ్ళో వేసుకుని వెళితే స్టూడియోలో నన్నెవరూ ఆపరు. ఆయన రెండు వీడియోలూ చూశాడు.

"రెండోది బాగుందమ్మా. మనసుకు హత్తుకుంటుంది," అన్నాడు. "అయితే మొదటిదాని మీద చూపు నిలుస్తోంది. నేను వ్యాపారం చేసుకునేవాణ్ణి. ఒక పని చేద్దాం. రెండూ పెడదాం. ఎవరిక్కావలసింది వాళ్ళు చూస్తారు."

"సార్," అంది సువార్త. గొంతు జ్వరానికి బొంగురుపోయి ఉంది. "మొదటిది పెడితే నా గొంతు తీసేసి పెట్టండి."

"అదేంటమ్మా?"

"ఎలాగూ ఎవరూ ఇనట్లేదు కదండీ."

ప్రభంజన్ గారు సుధేష్ణవైపు తిరిగాడు. "నిజమా?"

సుధేష్ణ కాగితాలు ముందు పెట్టింది. పరీక్ష రోజు పాటయ్యాక అందర్నీ ఒక ప్రశ్న అడిగారు, పాట దేని గురించి అని. నిలిచిన చూపులవాళ్ళు ఇరవై ఒక్క మంది. పదిహేనుమంది నీళ్ళ గురించన్నారు. ఐదుగురు ప్రేమ అన్నారు. ఒకడు షాంపూ అన్నాడు. తీసేసిన పంతొమ్మిదిలో పద్నాలుగుమంది చేతుల గురించి అన్నారు. ఆరుగురు బయటికి వెళుతూ పల్లవి పాడుకుంటూ వెళ్ళారు.

"షాంపూనా?" అన్నాడాయన.

"షాంపూనే సార్."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "బీసెంట్ రోడ్డులో నాకు క్యాసెట్ల కొట్టుండేది," అన్నాడు. "కొనేవాడు పేరు చెప్పేవాడు కాదు. కౌంటరు దగ్గరికి వచ్చి పాట కూనిరాగం తీసేవాడు. అది పట్టుకుని ఇచ్చేవాణ్ణి. రాగం తీయడం రానివాడు కొనలేదెప్పుడూ." సుధేష్ణవైపు చూశాడు. "ఎవరూ పాడుకోనిదాన్ని ఇన్నాళ్ళూ అమ్మానా?"

"అమ్మించింది నేను సార్," అంది సుధేష్ణ. తల దించలేదు. "యంత్రానికి తప్పు నేర్పాను. సరిచేశాను. మళ్ళీ పాతలా మార్చను. ఇంకెవరినైనా పెట్టుకుంటే వాళ్ళకూ ఇదే చెప్తాను."

"బెదిరిస్తోందా మీ మనవరాలు?" అన్నాడాయన నాతో.

"నాకు చెవులు సరిగా వినపడవండీ," అన్నాను.

ఆయన నవ్వాడు. రెండోది ఒక్కటే, నెల రోజులు చూద్దామన్నాడు. నిలవకపోతే సువార్తతో రెండో పాట ఉండదన్నాడు. దానికీ ఒప్పుకుని పిల్ల సంతకం పెట్టింది.

పాట విడుదలైన నాడు మేం ముగ్గురం భీమవరం దగ్గర రొయ్యల షెడ్డుకు వెళ్ళాం. తల్లికి ముందుగా చెప్పలేదు సువార్త. మధ్యాహ్నం అన్నాల వేళ, ఆడవాళ్ళంతా వెనక అరుగుమీద క్యారేజీలు విప్పుకుని ఉన్నారు. కరుణమ్మ సన్నగా, కూతురికంటే పొట్టిగా ఉంది. కూతుర్ని చూసి లేచి, చేతులు చీరకు తుడుచుకుంది.

"అదేంటే, కబురన్నా ఎట్టకుండా వచ్చేసేవు? మీరు ఆ మామ్మగారేనాండీ? ఇది ఫోనులో ఎప్పుడూ మీ మాటే."

"పాట వచ్చిందమ్మా," అంది సువార్త, ఫోను తీసి.

కరుణమ్మ వేలితో నొక్కబోయింది. ఫోను పలకలేదు. మళ్ళీ నొక్కింది. చల్లటి తడి వేళ్ళు కదా, ఏ ఫోనూ వాటిని ఎరగదట. "మా చేతులకి ఇయి పన్జెయ్యవండీ" అంది మామూలుగా.

"నొక్కక్కర్లేదండీ," అంది సుధేష్ణ, ఆ ఫోనులో చూపులపెట్టె తెరిచి పాట పెట్టి. "ఊరికే చూడండి."

కరుణమ్మ చూసింది. పాట మొదలైంది. ఆ గొంతు వినపడగానే మిగతావాళ్ళు ముద్దలు చేతుల్లో పెట్టుకునే లేచి వచ్చారు. "జరగవే", "నువ్వు జరుగు, తలకాయ అడ్డం" అనుకుంటూ ఎనిమిదిమంది ఒక్క ఫోను మీదకు వంగారు. ఒకామె మొహం చూసింది. ఒకామె "రవిక్కి అద్దాలు కుట్టేరు చూడు" అంది. ఇంకొకామె పాదాలు, ఒకామె జడ. కరుణమ్మ వేళ్ళు చూసిందనుకుంటాను, ఎందుకంటే, "ఎంతసేపు నిలబెట్టేరే నిన్ను నీళ్ళల్లో?" అంది.

బొమ్మ ఒక్క క్షణం మొహం దగ్గరికి వెళ్ళింది. పాదాలకు దిగింది. జడ మీదికి లేచింది. ఎనిమిది జతల కళ్ళు ఎనిమిది వైపులకు లాగుతుంటే తత్తరపడింది. తర్వాత మెల్లగా వెనక్కి జరిగింది, ఇంకా వెనక్కి జరిగింది. తల, చేతులు, పాదాలు, చుట్టూ నీళ్ళు, మొత్తం పిల్ల కనపడేదాకా వెళ్ళి అక్కడ ఆగిపోయింది. పాటయ్యేదాకా మళ్ళీ కదల్లేదు.

సుధేష్ణ నా చెయ్యి పట్టుకుంది. "దీనికి ఇది నేను నేర్పలేదు అమ్మమ్మా. నేను ఒక ఫోనుకు ఒక మనిషే అనుకున్నాను. ఎవరి చూపు తీసెయ్యాలో దానికి తెలియట్లేదు."

"మరి ఏం చేస్తోంది?"

"ఎవరిదీ తియ్యట్లేదు."

పాటయ్యింది. కరుణమ్మ కూతురి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, తిప్పి, వేళ్ళ చివర్లు చూసింది. వెనకనుంచి ఒకామె, "ఇంకోసారెట్టవే సువార్తా, ఆ ఎట్టాగమ్మా దగ్గర నాకు అందలేదు" అంది. ఇంకొకామె అప్పటికే అందుకుంది ఆ ముక్క, రాగం తప్పుగా.

"యంత్రాన్ని సరిచెయ్యాలంటావా?" అని అడిగింది సుధేష్ణ నా చెవిలో.

"ముట్టుకోకు," అన్నాను.